పదింటికి చేరాల్సిన బండి

ఆదివారం పొద్దున్నే కళ్లజోళ్ల షాపాయన కారు కింద నుంచి తల బయటపెట్టి, పరిస్థితి పూర్తిగా అదుపులో ఉందని భార్యకు చెప్పాడు. అప్పటికి ఆయన ఊడదీసింది ఒక్క చక్రమే.

ఆవిడ మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతోంది. లైబ్రరీలో ఉద్యోగం కనుక గొంతు పెంచకుండానే మనిషిని ఉతికి ఆరేయగలదు.

"రేపు పదింటికి అక్కడుండాలి. ఇప్పటికే రెండుసార్లు వెళ్లలేకపోయాం. రెండుసార్లూ మీ వల్లే."

"ఈసారి తప్పదు" అని ఆయన మళ్లీ కారు కిందకి దూరాడు.

ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. పదకొండేళ్ల కాపురంలో ఆయన మొదలుపెట్టని పని లేదు, పూర్తిచేసిన పనీ లేదు. వంటింటి అలమర రెండేళ్లుగా ఒకే ఒక్క స్క్రూ దయ మీద బతుకుతోంది. స్నానాల గదికి సగం దాకా నీలం రంగు పడింది. మిగతా సగానికి ఆయనకు మనసు రావాలి. బాగుచేస్తానని విప్పిన గోడ గడియారం బిస్కెట్ల డబ్బాలో స్థిరపడింది.

కారు జబ్బు మాత్రం వాయిదాలకు లొంగేది కాదు. ఇంజన్ను చల్లబరిచే నీళ్లు వాటర్ పంపులోంచి కారి వాకిట్లో మడుగు కడుతున్నాయి. ఆ పంపును తిప్పే టైమింగ్ బెల్టు పగుళ్లు తేలింది. అది దారిలో పుటుక్కుమంటే ఇంజన్ లోపలి సామానంతా ఒకదాన్నొకటి గుద్దుకుని చస్తుంది. వీధి మలుపులో ఉన్న మెకానిక్ గురువారం దాకా చెయ్యి ఖాళీ లేదన్నాడు. ఆవిడ అన్నయ్య తన కారు పంపిస్తానన్నాడు. దాంతో ఈయనకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"మనిద్దరం వెళ్లే పనికి మీ అన్నయ్య కారెందుకు? నా బండిలో నేనే తీసుకెళ్తా."

పది గంటలకల్లా మెకానిక్ టీ గ్లాసుతో వచ్చి ప్రహరీకి ఆనుకున్నాడు. సాయానికి కాదు. ఆదివారం ఊరికే దొరికిన సినిమాని వదులుకోవడం ఇష్టంలేక.

మొదటి సీను బాగానే పండింది. ఇంజన్ కిందున్న పెద్ద పుల్లీ బోల్టు ఊడి రాలేదు. ఆయన పానా వేసి దానికి వేలాడాడు. బోల్టు ఆయన్ని లెక్కచేయలేదు. చివరికి ఆవిడ కాఫీ కప్పు పక్కనపెట్టి, వచ్చి సీట్లో కూర్చుని, ఇంజన్ తిరగకుండా ఐదో గేరు వేసి, బ్రేకు తొక్కిపట్టింది. ఆయన పానాకి ఇనుప గొట్టం తగిలించి లాగాడు. బోల్టు ఫట్‌మని వదిలింది. ఆయన వెల్లకిలా పడ్డాడు. మెకానిక్ మర్యాదకు ఆకాశం వైపు చూశాడు.

పాత బెల్టు తీసేముందు పళ్లచక్రాల మీద గుర్తులు పెట్టుకోవాలి. ఒక్క పన్ను అటూఇటూ అయినా ఇంజన్ మొండికేస్తుంది. ఆవిడ లోపలికెళ్లి మూత కూడా తీయని గోళ్లరంగు సీసా తెచ్చిచ్చింది.

ఇంత మంచి రంగు ఎందుకు వాడలేదని అడిగాడాయన.

"మీరు కొన్నారు కదా, అందుకు" అందావిడ. ఊరందరికీ చూపు సరిచేసే మనిషికి రంగులు మాత్రం కనబడవని మెకానిక్‌కి కూడా వినబడేలా చెప్పింది.

మధ్యాహ్నం రెండయ్యేసరికి పాత పంపు ఊడింది. ఆయన చేతులు తుడుచుకుని మెట్ల మీద కూలబడి, కాసేపాగి చేద్దామన్నాడు. ఆ మాట ఆవిడకు బాగా తెలుసు. అలమర ప్రాణం తీసింది ఆ మాటే.

ఆవిడ ఈసారి ఎత్తిపొడవలేదు. వచ్చి పక్కన కూర్చుంది.

"ఈ ఒక్క పని పూర్తి చేయండి. ఇంకెప్పుడూ ఏదీ అడగను."

ఆయన ఆవిడ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత లేచాడు.

పంపు కూర్చునే చోట అంటుకున్న పాత రబ్బరుని, ఖరీదైన కళ్లద్దం తుడుస్తున్నంత సుతారంగా గీకాడు. కొత్త పంపు బిగించాడు. కొత్త బెల్టు ఎక్కించాడు. ఒక పన్ను తేడా వచ్చింది. ఎప్పటి మనిషే అయితే నడిచిపోతుందిలే అనేవాడు. తీసి మళ్లీ ఎక్కించాడు. మళ్లీ తేడా. మూడోసారికి గుర్తులు కలిశాయి. ఆవిడ టార్చి పట్టుకుని నిలబడే ఉంది. ఇంజన్ను చేత్తో రెండు చుట్లు తిప్పి చూశారు. గుర్తులు తప్పలేదు.

ఎండ దిగేవేళకి తాళం తిప్పాడు. ఇంజన్ బుద్ధిగా గుర్రుమంది. నేల మీద చుక్క నీరు లేదు. డబ్బాలో ఒక్క బోల్టూ మిగల్లేదు. నమ్మలేక ఆయన రెండుసార్లు వెతికాడు. "బాగానే చేశారు సార్" అని మెకానిక్ నిరాశగా వెళ్లిపోయాడు.

రాత్రి ఆవిడ తన బట్టలతో పాటు ఆయన తెల్ల చొక్కా కూడా ఇస్త్రీ చేసింది.

పొద్దున ఆరున్నరకి బయల్దేరారు. నూటముప్పై కిలోమీటర్లు. మొదట్లో ఆవిడ ఇంజన్ వేడి చూపించే ముల్లు మీదే కళ్లు పెట్టుకుని కూర్చుంది. అది సగం దగ్గర నుంచి బెసగలేదు. సగం దారిలో మెకానిక్ ఆకాశం చూసిన తీరు గుర్తొచ్చి ఇద్దరూ ఒకేసారి నవ్వారు. నవ్వి నవ్వి ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఎన్నాళ్లకో ఇద్దరూ పోట్లాట లేకుండా ఇంత దూరం వచ్చారు.

తొమ్మిదిన్నరకే చేరారు. ఆయన ఇంజన్ ఆపాడు. ఆవిడ వెంటనే దిగలేదు.

"చాలా బాగా చేశారండీ."

పదకొండేళ్లలో ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదలు. ఆయన శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్లీ తుడిచాడు.

సరిగ్గా పది గంటలకు జడ్జిగారు అడిగితే, ఎవరి బలవంతమూ లేదని, ఇష్టపూర్వకంగానే విడాకులు కోరుకుంటున్నామని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు.