కాలువ గట్టున రెండు రోజులు

ఆటో దిగకముందే సూర్యకళ నవ్వు మొహం పెట్టుకుంది.

ఉన్నట్టుండి భీమిలి ప్రయాణం ఎందుకని తోడికోడలు దేవి దారి పొడవునా ఒక్క ముక్క అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో తెలియక చచ్చేది. బతికిపోయాననుకుంది సూర్యకళ.

ఆ శనివారం పొద్దున్నే బావగారు అప్పలసూరి ఆమెను పక్కకు పిలిచాడు.

"సింహాద్రి వలతోపాటు పడిపోనాడమ్మా. పక్క పడవోళ్ళు ఫోన్ సేసినారు. గురువులు అక్కడే ఎతుకుతన్నాడు. శవం ఒడ్డుకొచ్చీదాకా దేవికి తెలీకూడదు. భీమిలి అప్పాయమ్మత్త ఇంటికి తీసుకెళ్ళిపో. పడవ కూడా అక్కడి కాలువలోకే వస్తాది. నీ ఫోను కూడా ఇలాగియ్యి, నువ్వు మాట్లాడితే అది ఇనీగలదు."

సింహాద్రి దేవి మొగుడు. గురువులు సూర్యకళ మొగుడు. ఆ పడవ మీద వెళ్ళింది అన్నదమ్ములిద్దరే.

వాళ్ళ పేటలో పద్ధతే అంత. మనిషి సముద్రంలో పోతే అతని ఇల్లాలికి వెంటనే చెప్పరు. ఏదో వంకతో చుట్టాలింటికి తీసుకుపోతారు. కడుపునిండా పెడతారు, తలనిండా పూలు, చేతినిండా గాజులు. శవం వచ్చాకే కబురు. సూర్యకళ ఇలాంటివి చూసింది. దేవి చూడలేదు. స్టీల్‌ప్లాంటు క్వార్టర్స్‌లో పెరిగిన పిల్ల, ఆమెకేం తెలుసు? సూర్యకళకు అదొక్కటే ధైర్యం.

అప్పాయమ్మ ఇల్లు కాలువ గట్టు మీదే. సాయంత్రం ఇద్దరూ నీళ్ళలోకి కాళ్ళు వేలాడేసుకుని ముంత మసాలా తిన్నారు. చల్లటి గాలి, ఎదురుగా కట్టేసిన పడవలు. చూసేవాళ్ళకు వీళ్ళదే సుఖం అనిపించేలా ఉంది.

సూర్యకళకు మాత్రం ప్రతి చప్పుడూ గండమే. ఎక్కడ ఫోన్ మోగినా చెవి అటే వేసేది. ఆటో ఆగితే ముందు తనే వెళ్ళి చూసేది. రాత్రి పొరుగింటామె ఎవరో గుమ్మంలోకి వచ్చి, వీళ్ళను చూడగానే బావురుమంది. సూర్యకళ ఒక్క ఉదుటున లేచి ఆమెను బయటికి లాక్కుపోయింది.

"ఏటమ్మా నువ్వు! ఏడిస్తే దానికి తెలిసిపోదా?"

ఆమె సూర్యకళను వాటేసుకుని ఇంకా ఏడ్చింది.

ఆదివారం అప్పాయమ్మ వంజరం పులుసు పెట్టింది. దేవి కంచం ముట్టుకోలేదు. సూర్యకళకు ముద్ద దిగడం లేదు.

"తినక్కా, నా మీద ఒట్టు. ఇంకొక్క ముద్ద," అంది దేవి, కళ్ళ నిండా నీళ్ళతో.

పిచ్చిపిల్ల, మనసుకేదో తోస్తోంది కాబోలు అనుకుని సూర్యకళ బలవంతాన మింగింది. అప్పాయమ్మ పూలు తెచ్చింది. ముందు సూర్యకళ జడలో తురిమి, ఆమె చేతులకు పచ్చ గాజులు తొడిగింది. తర్వాతే దేవికి. దేవికి అనుమానం రాకుండా అత్త ఎంత తెలివిగా చేస్తోందో అనుకుంది సూర్యకళ.

గాజుల చేతులు చూసుకుంటుంటే ఒక్క క్షణం పాడు ఆలోచన వచ్చింది. పోనీలే, నా మొగుడు బతికున్నాడు. వెంటనే తన మీద తనకే అసహ్యమేసి, దేవి తల నిమిరింది. ఇంకా పాతికేళ్ళు నిండలేదు దీనికి. దేవుడికి కళ్ళు లేవు.

సందెవేళ కాలువలోకి ఇంజను చప్పుడు వచ్చింది.

నీలం పడవ. వాళ్ళదే. గట్టు మీదికి జనం చేరారు. అప్పలసూరి ఎప్పుడొచ్చాడో, ముందు వరసలో తలదించుకుని ఉన్నాడు. పడవలో టార్పాలిన్ కింద పొడుగ్గా ఏదో ఉంది. ఇంజను దగ్గర తలకు తువ్వాలు చుట్టుకుని ఒక మనిషి.

ఇక దాచేదేముంది? దేవి కుప్పకూలకుండా సూర్యకళ ఆమె నడుం చుట్టూ చెయ్యేసి పట్టుకుంది. చిత్రం, దేవి రెండు చేతులూ అప్పటికే ఆమెను గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"అక్కా..." అంది దేవి.

"నానున్నానే తల్లీ. నానున్నాను," అంది సూర్యకళ.

పడవ గట్టుకు ఆనింది. ఇంజను దగ్గరి మనిషి లేచి, తువ్వాలు విప్పి, ఒడ్డు మీదికి దిగాడు.

సింహాద్రి.