కొన్న చప్పుడు

పుట్టిన ప్రతి బిడ్డకూ చెవిలో పూస పెట్టే కాలమది. ఒకరు కొనుక్కున్న పాట ఇంకొకరి చెవిన పడకుండా ఆ పూసే కాపలా కాస్తుంది.

పెంటయ్య తాను చేసిన కిన్నెరను, పాత వాద్యాలు పోగేసే నిరంజన్‌రావుకు అమ్మి వేలిముద్ర వేశాడు. శ్రుతి చేసి ఇమ్మన్నాడు రావు. పెంటయ్య మీటాడు. ఏమీ వినపడలేదు.

"తీగ పలుకుతలేదు సారూ."

"చక్కగా పలుకుతోందయ్యా. చప్పుడు కూడా కొన్నాను కదా, ఇక నాకొక్కడికే వినపడుతుంది."

పెంటయ్య కిన్నెరను పైకెత్తాడు. దాని కర్ర కొసను పళ్లతో కరిచిపట్టి మళ్లీ మీటాడు. దవడ ఎముకలో కిన్నెర పలికింది. కళ్లు మూసుకుని, నవ్వుకుంటూ తీగలు బిగించసాగాడు.

ఆ నవ్వు చూసి రావు పూసల కంపెనీకి ఫోన్ చేశాడు.

"దవడ వదిలేశారేంటండీ? ఈ శ్రుతి అయిపోనివ్వండి, తర్వాత అదీ మూసెయ్యండి."