మూలకుర్చీ ఆయన

కుక్క తలుపు దగ్గర నిలబడింది.

తలుపు తెరుచుకునే వైపు కాదు. మడతబందుల వైపు.

పుస్తకాలు బైండు చేసే ఆమె జిగురు కుంచె చేత్తో పట్టుకునే నవ్వింది. "ఏరా దొరా, పదహారేళ్లుగా ఇదే తలుపు. ఇవాళ కొత్తగా కనిపిస్తోందా?"

దొర కదల్లేదు. గోడకీ తలుపుకీ మధ్య సందులో ముక్కు పెట్టి, దారి అక్కడే తెరుచుకుంటుందన్నట్టు ఎదురుచూస్తున్నాడు.

ఆమె నవ్వు సగంలో ఆగిపోయింది.

మర్నాడు కుక్కల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

వరండాలో మూలనున్న కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పక్కన కుక్క లేదు, పిల్లి లేదు, చేతిలో మందుచీటీ కూడా లేదు.

చిలకను తెచ్చినావిడ ఆమె చెవిలో ఊదింది. "రోజూ ఇంతే. మేం మూలకుర్చీ అంటాం. జబ్బు ఆయనకో, కుర్చీకో తెలీదు."

ఆయన దొర వైపు వంగి చూశాడు.

"తలుపు దగ్గర తప్పు వైపు నిలబడుతున్నాడా అమ్మా?"

ఆమె దొరను దగ్గరికి లాక్కుంది. "మీకెవరు చెప్పారు?"

"ఈ వయసులో అంతే. ఇక మూలల్లోకి వెళ్లి ఇరుక్కుంటాడు. వెనక్కి రావడం మర్చిపోతాడు."

వారం తిరక్కుండానే దొర బీరువా పక్క మూలలో ఇరుక్కున్నాడు. గోడను నెడుతూ నిలబడ్డాడు. వెనకడుగు అనేది ఒకటుందని కాళ్లకు గుర్తులేదు.

ఆమె బైండింగుకి వచ్చిన పుస్తకాల కట్టలన్నీ మోసుకొచ్చి, గదిలో నాలుగు మూలలూ నింపేసింది.

"మూలల్లో ఇరుక్కుంటున్నాడా?" మళ్లీ తీసుకెళ్లినప్పుడు డాక్టరమ్మ అడిగింది.

"లేదండీ."

ఇరుక్కోడానికి ఇంట్లో మూలలే లేవు. భయం ఆమెకు నిజంలాంటి అబద్ధాలు నేర్పింది.

బయటికి వస్తుంటే మూలకుర్చీ ఆయన మెల్లగా అన్నాడు. "నీళ్లగిన్నె మీదికి తలవంచి, తాగడం మర్చిపోతాడమ్మా. అప్పుడు మూతి తడిపితే చాలు, గుర్తొస్తుంది."

అదీ జరిగింది. ఆమె మూతి తడిపింది. దొర తాగాడు. కానీ ఆ మేలు ఆమె మనసులోకి దిగలేదు. ఈయన నాలుక మీద మచ్చ ఉంది, అన్నదల్లా అవుతోంది అనుకుంది. దొరను చూస్తే కలిగే భయాన్ని మోయలేక, దాన్ని తీసుకెళ్లి ఆయన ముఖం మీద పెట్టింది. అక్కడైతే ద్వేషించవచ్చు.

తర్వాతిసారి ఆయన అడిగిన ప్రశ్న వేరు.

"ఆ రోజున మీరు లోపల ఉండగలరా అమ్మా?"

"ఏ రోజున?"

ఆయన డాక్టరమ్మ గది తలుపు వైపు చూశాడు.

"పదహారేళ్లు కన్నబిడ్డలా పెంచినదాన్ని. నన్నడుగుతారా ఆ మాట?" ఆమె డాక్టరమ్మ గది తలుపు తోసి అరిచింది. "ఈయన ఇక్కడ కూర్చుంటే నేను రాను. వచ్చినవాళ్లందరి చావులూ లెక్కపెడుతున్నాడు!"

"అమ్మా, ఆయన ఎందుకు కూర్చుంటారంటే..." డాక్టరమ్మ మొదలుపెట్టింది.

పెద్దాయన వద్దన్నట్టు తల ఊపి లేచాడు.

"పోనీలెండి డాక్టరమ్మా. భయపడ్డ మనిషిని ఇంకా భయపెట్టడం దేనికి? రేపట్నుంచి రాను."

వరండా మెట్లు ఒక్కొక్కటే దిగి వెళ్లిపోయాడు. ఆమెకు ఊపిరి తేలికైంది.

పది రోజుల తర్వాత, పొద్దున్నే, దొర ఆమెను చూసి మొరిగాడు. ఆమె చెయ్యి చాపింది. వాసన చూసి, కొత్తమనిషి అన్నట్టు వెనక్కి జరగబోయి పడిపోయాడు. మళ్లీ లేవలేదు.

ఎత్తుకుని తీసుకెళ్లింది. ఎముకల బరువు తప్ప ఏమీ లేదు.

"ఇక బాధపెట్టొద్దమ్మా," అంది డాక్టరమ్మ.

"ఊఁ."

దొరను బల్ల మీద పడుకోబెట్టింది. డాక్టరమ్మ ముందుకాలి మీద కాస్తంత చోట వెంట్రుకలు గీసింది. కింద చర్మం గులాబీరంగులో, అప్పుడే పుట్టిన కూనదిలా ఉంది.

అంతే. ఆమె కాళ్లు ఆమె మాట వినలేదు. తలుపు, వరండా, మెట్లు. ఆఖరి మెట్టు మీద కూలబడి రెండు చెవులూ మూసుకుంది.

ఎంతసేపో తెలీదు. డాక్టరమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"అయిపోయిందమ్మా."

"వాడు... నాకోసం చూశాడా?"

డాక్టరమ్మకు అబద్ధం చెప్పడం రాదు. "తల ఎత్తి చూశాడు. నా చేతులు రెండూ సూది దగ్గరే ఉన్నాయి. తల పట్టుకునేవాళ్లు లేరు."

ఆమె మోకాళ్లలో ముఖం దాచుకుంది.

"మీరొక్కరే కాదులెండి. ఉంటామని వచ్చి, ఉండలేక పారిపోయేవాళ్లు చాలామంది. వాళ్ల కుక్కల తల ఆయనే ఒళ్లో పెట్టుకునేవాడు. ఆఖరి ఊపిరిదాకా ఏవో కబుర్లు చెప్పేవాడు. ఆ సంగతి వాళ్లకి చెప్పొద్దనేవాడు, సిగ్గుపడతారని."

"ఎవరు?"

"మూలకుర్చీ ఆయన."

ఆమె తలెత్తి వరండాలో ఖాళీ కుర్చీ వైపు చూసింది.

"కబురు పెట్టలేదా?"

"ఎక్కడికని పెట్టను? రోజూ వచ్చే మనిషే కదా అని ఇల్లెక్కడో ఎప్పుడూ అడగలేదు."

"ఇంతకీ ఎవరాయన?"

డాక్టరమ్మ నెమ్మదిగా అంది. "పదకొండేళ్ల కిందట తన కుక్కను ఆ బల్ల మీద వదిలేసి, ఇదిగో, మీరు కూర్చున్న ఈ మెట్టు దాకా పరిగెత్తుకొచ్చిన మనిషి."