పదకొండు ట్యాబులు

"ముయ్యొద్దండీ, చెబుతున్నానా!"

"ఎందుకు ముయ్యకూడదో చెప్పు. అప్పుడు మానేస్తా."

పొద్దుటి నుంచీ ఇదే గొడవ. మిర్చియార్డు ధరలు చూద్దామని రాము ల్యాప్‌టాప్ తెరిచాడు. అది నత్తనడక నడుస్తోంది. పైన వరసగా పదకొండు ట్యాబులు తెరిచి ఉన్నాయి. మూయబోతే వంటింట్లోంచి భార్య ఉదయశ్రీ పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"పిల్లలకి ట్యూషన్ చెప్పడానికి పదకొండు కావాలా?"

"మూస్తే మళ్ళీ వెతకడం కష్టమండీ. ఉండనివ్వండి."

వసారాలో మిరపకాయల రాశి ముందు కూర్చుని తొడిమలు తీస్తున్న తల్లి కోటిరత్నం తలెత్తింది.

"పోనీలేరా. వాటికేమన్నా కూడు పెట్టాలా, నీళ్ళు పెట్టాలా?"

మంచం మీదున్న తండ్రి పేరయ్య గట్టిగా నవ్వాడు.

"అత్త కోడల్ని వెనకేసుకొస్తోందిరోయ్! మిరపకాయ ముట్టుకుంటే చేతులు బొబ్బలెక్కే కోడలు. పొద్దస్తమానం ఆ పెట్టె ముందు కూర్చుంటే ఏందో అనుకున్నా. ఏమే, మజ్జిగ!"

కోటిరత్నం లేచి వెళ్ళింది. వంటింట్లో కుక్కర్ కూత వేసేసరికి ఉదయశ్రీ కూడా వెనక్కి తిరిగింది.

రాము మొదటి ట్యాబ్ నొక్కాడు.

'ఒంగోలులో ఒంటరి మహిళకు గది.'

రెండోది, పొదిలి నుంచి ఒంగోలు బస్సుల వేళలు. మూడోది, లేడీస్ హాస్టల్‌లో పని, భోజనం అక్కడే. నాలుగోది రెండుసార్లు చదివాడు. భర్త నుంచి విడిగా ఉండదలచిన స్త్రీకి చట్టం ఏం చెబుతుందో అందులో ఉంది. ఒక్కో అక్షరం చింతపిక్కంత లావుగా కనిపిస్తోంది.

ఎవరైనా చూస్తారన్న భయం కూడా లేదన్నమాట!

పెళ్ళై ఏడేళ్ళు. చిన్న చిన్న తగాదాలు ఎవరికి లేవు? కిందటి నెల ఉదయశ్రీ అత్తకి కళ్ళజోడు మార్పించాలంటూ ఒంగోలు తీసుకెళ్ళింది. పొద్దున వెళ్ళినవాళ్ళు చీకటి పడ్డాక వచ్చారు. జోడు మార్చడానికి అంతసేపా అని అడిగితే ఇద్దరూ నవ్వి ఊరుకున్నారు. అమ్మని అడ్డం పెట్టుకుని గది చూసొచ్చిందన్నమాట.

మౌస్ మీదున్న చేత్తోనే కన్ను నులుముకున్నాడు. భగ్గుమంది. తుడిచేకొద్దీ మంట ఎక్కువైంది. ఇవాళ తను మిరపకాయ ముట్టుకోనే లేదు.

"ఉదయా!" అని కేకేశాడు. ఆమె గడపలోకి వచ్చి నిలబడింది. "ఒంగోలులో గది ఎవరికి?"

ఆమె మొహంలో రంగు మారింది.

"నన్నొదిలేసి పోతున్నావా?"

"నన్నడక్కండి."

"నిన్నడక్క ఇంకెవర్నడగను?" రాము లేచి నిలబడ్డాడు. "నేనేం తక్కువ చేశాను నీకు?"

ఉదయశ్రీ తల వంచుకుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఇంకా బతిమాలతావేందిరా?" పేరయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. "బట్టలు సర్దించి పుట్టింటికి తోలు. మగాణ్ణి కాదని గదులు వెతుక్కునే ఆడది మన కొంపలో ఎందుకు?"

ఆ ఊపులోనే కోటిరత్నం అందించిన మజ్జిగ ఒక గుక్క తాగాడు. మొహం చిట్లించాడు.

"ఇది మజ్జిగా, కుడితా? నలభయ్యేళ్ళ నుంచి చెబుతున్నా, ఉప్పెంతెయ్యాలో నీ బుర్రకెక్కదు!"

గ్లాసు విసిరికొట్టాడు. అది దొర్లుకుంటూ వెళ్ళి మిరపకాయల రాశి దగ్గర ఆగింది. ఎర్రటి కాయల మీద తెల్లటి చారిక పడింది.

కోటిరత్నం వంగి గ్లాసు తీసింది. తడిసిన కాయల్ని ఏరి పక్కన పెట్టింది. చేతులు గోనెపట్టాకి తుడుచుకుని, కొత్త కళ్ళజోడు సర్దుకుంది.

"అత్తయ్యా..." అంటూ ఉదయశ్రీ ముందుకొచ్చింది.

కోటిరత్నం చెయ్యి అడ్డం పెట్టి కోడల్ని ఆపింది. ముగ్గురి వంకా ఒకసారి చూసింది.

"ఆ గది నాకురా, ఒకటో తారీకున పోతున్నా, మీ నాన్నకి మజ్జిగ ఎవరు కలుపుతారో మీరు మీరు చూసుకోండి," అంది, రోజూ మాట్లాడే గొంతుతోనే.