ఉండమనే కానుక

"ఇదీ వద్దు. ఇంకోటి చూపించండి," అంది కోడలు.

సూట్‌కేసుల కొట్టాయన మెడకి పెట్టుకునే దిండుని తీసి పక్కన పడేశాడు. బల్ల మీద అప్పటికే గుట్ట పేరుకుంది. మడిస్తే గుప్పెట్లో పట్టే గొడుగు, నంబర్ల తాళం, పాస్‌పోర్టు పెట్టుకునే తోలు సంచి, వేడినీళ్ల ఫ్లాస్కు. కొట్టు కట్టేయడానికి ఇంకో పావుగంటే ఉంది. రేపటినుంచి వరసగా పది రోజులు సెలవులు.

"ప్రయాణాలంటే ప్రాణమిచ్చేవాళ్లకి అన్నారు కదమ్మా! ఇంతకంటే ఏముంటాయి?"

"మా అత్తగారికండీ. ఆవిడకి ఇంట్లో కాలు నిలవదు. రేపు పొద్దున్నే మళ్లీ బయల్దేరుతున్నారు."

"మరింకేం, ఈ చక్రాల పెట్టె ఇవ్వండి. చిటికెన వేలితో లాక్కుపోవచ్చు."

"అదే వద్దంటున్నాను!" కోడలు పెట్టెని వెనక్కి తోసింది. "ఆవిడ వెళ్లకుండా ఆగిపోవాలి. అలాంటిదేమైనా ఉంటే ఇవ్వండి."

కొట్టాయన ఆమెని ఎగాదిగా చూశాడు. అత్త లేని కోడలు ఉత్తమురాలని విన్నాడు గానీ, అత్త లేకపోతే బతకలేని కోడలు తగలడం ఆయనకి ఇదే మొదలు.

"నా కొట్లో అన్నీ పొమ్మనే సరుకులేనమ్మా. ఉండమనేది ఒక్కటీ లేదు," అన్నాడు జాలిగా.

నవ్వలేదు, అదే పదివేలు. ఆమె బాధ ఆమెది. మొగుడు ఓడ మీద ఉద్యోగం, ఆర్నెల్లకోసారి గానీ ఇంటి మొహం చూడడు. పోయిన సెలవులకి అత్తగారు తన ఈడు వాళ్ల గుంపుతో కొండలెక్కడానికి వెళ్తే, మూడో రోజుకల్లా ఈమె కుక్కరు కూతకి "వస్తున్నా" అని జవాబు చెప్పడం మొదలుపెట్టింది. ఐదో రోజున వంటగది నేల మీద కూర్చుని ఎందుకో తెలియకుండానే ఏడ్చింది. ఎనిమిదో రోజున అసలు మంచం దిగడం ఎందుకో ఎంత ఆలోచించినా తట్టలేదు. ఆ ఎనిమిదో రోజంటే ఆమెకి ఇప్పటికీ భయం.

నోరు విప్పి ఆ ముక్క అత్తగారితో చెప్పొచ్చు కదా అంటారు మీరు. చెప్పదు. అరవై దాటాక రెక్కలొచ్చిన మనిషిని నా ఏడుపుతో కట్టేయనా అనుకుంటుంది. తను అడక్కూడదు, ఆవిడ ఆగిపోవాలి. సెలవుల ముందు సాయంత్రం అత్తాకోడళ్లు కానుకలు ఇచ్చిపుచ్చుకోవడం ఆ ఇంటి అలవాటు కాబట్టి, ఇక మిగిలిన ఆశల్లా ఆ కానుకే.

కొట్టు దిగి నాలుగడుగులు వేసిందో లేదో, పక్క వాకిట్లో పశువుల డాక్టరమ్మ షట్టరు దించుతూ కనిపించింది. ఆమె చంకలో తువ్వాలు చుట్టిన కుక్కపిల్ల. ముందు కాలికి కట్టు.

"ఎవరిదండీ?"

"ఎవరిదీ కాదు. ఊళ్లకెళ్లేవాళ్లెవరో మెట్ల మీద వదిలేసి పోయారు. రోజుకి నాలుగుసార్లు పాలు పట్టాలి, రెండు పూటలా మందు వేయాలి, పక్కన మనిషి ఉండాలి. ఈ సెలవుల్లో ఇంటిపట్టున ఎవరుంటారు చెప్పండి?"

కోడలికి దారి దొరికినట్టయింది. అత్తగారు ఎక్కడికెళ్లినా ఆవిడ ఫొటోల్లో కొండలకంటే కుక్కలే ఎక్కువ. దారిలో కుక్క కుంటుతూ కనబడితే ఆటో ఆపించే మనిషి. అలాంటావిడ దీన్ని వదిలి గడప దాటుతుందా?

"నాకివ్వండి. మీకు పుణ్యముంటుంది, నాకివ్వండి," అంటూ రెండు చేతులూ చాచింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారి మంచం మీద పెట్టె బార్లా తెరిచి ఉంది. చుట్టూ స్వెట్టర్లు, మేజోళ్లు, మందుల డబ్బా. సర్దుడు ఇంకా సగంలోనే ఉందన్నమాట, బతికించావు దేవుడా అనుకుంది కోడలు.

"వచ్చావా అమ్మాయ్? నీకో సంగతి చెప్పాలి..."

"ముందు నా కానుక చూడండి అత్తయ్యా!"

తువ్వాలు విప్పగానే కుక్కపిల్ల తల బయటపెట్టి అత్తగారి గడ్డం నాకింది. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఓసి నా బంగారు తల్లీ! కాలికేమైందే నీకు?"

"పాలు పట్టాలి, మందు వేయాలి, పక్కనే మనిషి ఉండాలి అత్తయ్యా. ఒక్క పూట కూడా వదలడానికి లేదు," కోడలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది.

అత్తగారు కుక్కపిల్లని గుండెకి హత్తుకుని కోడలి వంక చూసింది.

"వారం రోజులుగా నా మనసులో ఉన్న బెంగ నీకెలా తెలిసిందే?" అంది. "ఇన్నేళ్లలో నువ్విచ్చిన వాటిల్లోకెల్లా ఇదే గొప్ప కానుక."

పోయిన ప్రాణం లేచొచ్చింది కోడలికి. పరుగున వెళ్లి పాలు వెచ్చబెట్టింది. పొయ్యి ముందు నిలబడి చిన్నపిల్లలా కళ్లు తుడుచుకుంది. ఈసారి ఎనిమిదో రోజు రాదు. వచ్చినా పక్కగదిలో ఆవిడ గురక వినబడుతుంది. అంతే చాలు.

పాలగిన్నెతో తిరిగొచ్చి కూర్చోగానే అత్తగారు కుక్కపిల్లని కోడలి ఒళ్లో పెట్టి, ఇద్దరి తలలూ నిమిరి, ఫోను అందుకుంది.

"ఆఁ, నేనే! పొద్దున్న వద్దని చెప్పిన నా సీటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు కదా? కోడలు ఒక్కతే బెంగపెట్టుకుంటుందని ఆగిపోయాను గానీ, పిల్లకి తోడు దొరికింది, రేపు వచ్చేస్తున్నాను!"