గంట గుర్తుకు ఒక్క ఓటు

"ఒక్క ఓటు కూడా రాకపోతే ఏమవుతుంది టీచర్?"

అడిగింది మూడో బెంచీ అమ్మాయి. అడుగుతున్నప్పుడు కూడా దాని చేతులు ఊరుకోలేదు. ఒళ్ళో ఏదో కాగితాన్ని పడవగా మడుస్తూనే ఉన్నాయి.

నాలుగో తరగతి గొల్లుమంది. తలలన్నీ మొదటి బెంచీ వైపు తిరిగాయి.

"ఏమవుతుంది? బోర్డు మీద సున్నా పడుతుంది," అంది సోషల్ టీచర్.

మొదటి బెంచీలో కూర్చున్నది ఇన్‌స్పెక్టర్. అది వాడికి తరగతి పెట్టిన పేరు. రెండో తరగతి నుంచీ వాడే లీడరు. ఎవరూ ఎన్నుకోలేదు. పొడుగ్గా ఉన్నాడని ఒక టీచర్ చొక్కాకు బ్యాడ్జి పెడితే, తర్వాత వచ్చినవాళ్ళెవరూ తియ్యలేదు. టీచర్ లేనప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడం వాడి పని. ఆ పని ప్రాణం పెట్టి చేసేవాడు. ప్రాణస్నేహితుడి పేరు కూడా రాశాడు. అందుకే ఇప్పుడు వాడికి స్నేహితులు లేరు.

మూడో బెంచీ అమ్మాయి పేరు 'పడవ'. చేతికి ఏ కాగితం దొరికినా పడవ చేసేస్తుంది. చాక్లెట్ కాగితమైనా, హోంవర్క్ పేజీ అయినా దానికి ఒకటే. బోర్డు మీద ఎవరి పేరున్నా లేకపోయినా దాని పేరు మాత్రం రోజూ ఉండేది.

'ఎన్నికలు' పాఠం చదివి వినిపిస్తుంటే పిల్లలు ఆవులిస్తున్నారని, నిజం ఎన్నికే పెడతానంది టీచర్. గెలిచినవాళ్ళే ఇకనుంచి లీడరు. ఆ మాట వినగానే ఇన్‌స్పెక్టర్ చెయ్యి బ్యాడ్జి మీదికి వెళ్ళింది. మధ్యాహ్నం డబ్బా తెరిస్తే పక్కన కూర్చునేవాళ్ళు లేరు వాడికి. బ్యాడ్జి ఉంది కాబట్టి "డ్యూటీలో ఉన్నా" అంటూ తలుపు దగ్గర నిలబడి తింటున్నాడు. అది కాస్తా పోతే వాడికి ఆ గదిలో మిగిలేదేమీ లేదు.

వాడి మీద పోటీకి వెనకబెంచీలవాళ్ళు పడవను నిలబెట్టారు. "నాకొద్దు బాబోయ్" అని అది మొత్తుకున్నా ఎవరూ చెవిన వేసుకోలేదు.

"గుర్తులు చెప్పండి," అంది టీచర్.

"గంట," అన్నాడు వాడు, ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నట్టు.

"పడవ," అంది ఆ పిల్ల.

"పడవ గియ్యడం అందరికీ రాదే తల్లీ. గొడుగు తీసుకో."

బీరువా తలుపు బార్లా తెరిచి, దాని చాటున ఒక స్టూలు వేశారు. పక్కన చెప్పుల డబ్బా పెట్టి, మూతకు గాటు పెట్టారు. తలా ఒక తెల్ల చీటీ.

"గంటో గొడుగో గీసి, బయటికి కనబడకుండా మీ ఇష్టమొచ్చినట్టు మడిచి వెయ్యండి. ఎవరికి వేశారో ఎవరికీ చెప్పకూడదు. అమ్మకు కూడా. తెలిసిందా?"

ఇన్‌స్పెక్టర్ లేచాడు. "పోటీ చేసేవాళ్ళం కూడా వెయ్యాలా టీచర్?"

"వెయ్యాలి. అందరికీ ఒక్కొక్క ఓటు."

"ఎవరికైనా వెయ్యొచ్చా?"

"ఎవరికైనా."

"వాడికి వాడే వేసుకుంటాడు టీచర్!" అన్నారెవరో. మళ్ళీ గొల్లుమన్నారు. వాడు కూర్చున్నాడు.

ఓట్లు పడ్డాయి. కళ్ళజోడు కుర్రాడు ఒక్కో చీటీ విప్పి, అరచేత్తో చదును చేసి, గుర్తు చదువుతున్నాడు. టీచర్ వెనక్కి తిరగకుండా బోర్డు మీద గీతలు గీస్తోంది.

"గొడుగు... గొడుగు... గొడుగు..."

తరగతి తాళం వేస్తూ వంత పాడింది. ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. గొడుగు కింద గీతలు పెరిగి రెండో వరసకు దిగాయి. గంట కింద ఒక్కటీ లేదు. డబ్బా అడుక్కి వచ్చేసరికి కుర్రాడి గొంతు మారింది.

"గం... గంట!"

పైకప్పు ఎగిరిపోయేలా నవ్వులు.

"వాడిదే! వాడిదే!"

"నేను చెప్పలా?"

గెలిచిన పడవ సిగ్గుతో కాబోలు తలెత్తలేదు. ఇన్‌స్పెక్టర్ మాత్రం వెనక్కి తిరిగి, తరగతిలో ఒక్కొక్కరి మొహమూ చూశాడు. ఎవరెవరి పేర్లు రాయాలా అన్నట్టు వెతికాయి వాడి కళ్ళు. తర్వాత బ్యాడ్జి విప్పి, మూడో బెంచీ దాకా నడిచి, పడవ ముందు పెట్టాడు.

"పిన్ను వదులైంది. గుచ్చుకుంటుంది, జాగ్రత్త."

సాయంత్రం బడి వదిలాక టీచర్ వాణ్ణి ఆపింది.

"నీ ఓటు నువ్వు వేసుకోవడంలో తప్పేం లేదురా. పెద్ద పెద్దవాళ్ళే వేసుకుంటారు. బాధపడకు."

వాడు సంచీ సర్దుకున్నాడు. "ఎవరికి వేశామో చెప్పకూడదన్నారు కదా టీచర్."

"అన్నాననుకో..."

"వెళ్ళొస్తాను టీచర్."

ఓడినా బిగువు తగ్గలేదని ఆమెకు కాస్త చిరాకేసింది. అందరితో కలిసి ఒక్క నవ్వు నవ్వేస్తే వీడి సొమ్మేం పోయింది? పిల్లలు వీణ్ణి దూరం పెట్టారంటే ఊరికే పెట్టలేదనుకుంది.

అయినా, రేపు పొద్దున ఆ గంట చీటీ ఎవరి కంటబడినా మళ్ళీ వాణ్ణి ఏడిపించి చంపుతారు. చీటీలన్నీ చెత్తబుట్టలో వెయ్యబోతూ, దాన్నొక్కదాన్నీ వెతికి తీసి చింపబోయింది.

గంట బొమ్మ మీద అన్నీ పడవ మడతలే.