దిక్కులేని వలలు

"ఆ ముక్క నాకియ్యి బాబూ. సంద్రంలో పారీకు."

గురువులు తలెత్తి చూశాడు.

పడవ పక్కన మోకాలి లోతు నీళ్లలో ఓ ముసలాయన నిలబడి ఉన్నాడు. లుంగీ ఎగ్గట్టాడు. భుజాన గోనెసంచి.

అది రెండువేల ఒకటో సంవత్సరం. విశాఖపట్నం హార్బరు పక్కనున్న పేటకి గురువులు పెద్ద. సొంతానికి రెండు మరపడవలు. అరవై గడపల్లో ఆయన మాటకి ఎదురు లేదు.

"చిరిగిపోయిన వల నీకెందుకు తాతా?"

"తాడు పేనడానికి బాబూ. మా ఊర్లో ఆడోళ్లు పేనుతారు. వలలిచ్చిన ఊరికి తాళ్లిత్తాం."

"ఏ ఊరు మీది?"

"ముక్కాం. నా పేరు తవిటయ్య."

గురువులు ముక్క విసిరేశాడు. ముసలాయన దాన్ని సంచిలో కుక్కుకున్నాడు గానీ కదల్లేదు.

"ఇంకోటి అడగాల బాబూ. సంద్రంలో వల వదిలీకూడదని తొమ్మిదూళ్లు కట్టు కట్టుకున్నాయి. రాళ్లలో సిక్కుకున్నా సరే, కోసీకుండా, అన్ని ఊళ్లోళ్లూ కలిసి పైకి తియ్యాలని. మీ పేట ఒక్కటే మిగిలింది. నువ్వు మాటిత్తే సాలు."

పడవ మీద కళాసీలు నవ్వారు.

"సంద్రం ఎలా సూసుకోవాలో ముక్కామోడు మాకు సెప్తాడేటి?" అన్నాడు గురువులు.

"సెప్పడం కాదు, అడుక్కుంతన్నాను. వలకి వలోడు ఎలిపోయేడని తెల్దు బాబూ. అడుగున పడి పడతానే ఉంటాది. తినీవోడు నేడు, అమ్మీవోడు నేడు. సేపలన్నీ అక్కడే కుళ్లిపోతాయి. ఇలగైతే రేపు మీకూ నేదు, మాకూ నేదు."

"సాల్లే, నడు."

తవిటయ్య వెళ్లాడు. వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. అడిగిందల్లా ఒకటే, మాట.

నాలుగోసారి వచ్చిననాడు పేటలో ఓ కొత్త వల కనబడలేదు.

"ఈడే!" అన్నారెవరో.

గురువులు సంచి లాక్కుని ఇసుకలో బోర్లించాడు. నాచు పట్టిన పాత ముక్కలే రాలాయి. అయినా కోపం దిగలేదు. మెడ పట్టుకుని ఒక్క తోపు తోశాడు. ముసలాయన ముందుకి పడ్డాడు. లేచి, నోట్లో ఇసుక ఉమ్మి, ముక్కలన్నీ ఏరుకున్నాడు.

"మాట మటుకు ఇయ్యి బాబూ. ఇంక రాను."

"పో!"

కొత్త వల ఆ సాయంత్రమే గురువులు బావమరిది పాకలో దొరికింది. ముక్కాం కబురంపుదామని ఎవరికీ తోచలేదు.

"ముసలోణ్ణి అలా తొయ్యకూడదు మావా," అంది పెళ్లాం పోతమ్మ. గురువులు అన్నం కంచం ముందుకి లాక్కున్నాడు.

కార్తీకమాసంలో ఒకనాడు, దగ్గర్లో చేప లేక గురువులు పడవ భీమిలి దాటి పోయింది. ఉన్నట్టుండి ఇంజను మూలిగి ఆగిపోయింది. ఎవరో వదిలేసిన వల పడవ అడుగున తిరిగే పంకాకి చుట్టుకుంది. అల పడవని రాళ్లవైపు తోస్తోంది. గురువులు చొక్కా విప్పి ఊపాడు. కళాసీలు గంగమ్మకి మొక్కుకున్నారు.

భీమిలి పడవ ఒకటి చూసి వచ్చింది. తాడు విసిరింది. ఎదురుగాలిలో రెండు గంటలు లాక్కుంటూ ఒడ్డుకి చేర్చింది.

గురువులు ఆ తాడు చేతిలోకి తీసుకుని చూశాడు. పచ్చ, నీలం, ఎరుపు దారాలు కలిపి పేనింది. ఎక్కడా ఒక్క పురి వీడలేదు.

"ఎక్కడిది బావా ఇది?"

"తవిటయ్య తాడు," అన్నాడు పడవ నడిపిన గవర్రాజు. "నిజం సెప్పాలంటే మీ పేటంటే మాకు మంట. కట్టులో నేనోళ్లు. కానీ ముసలోడు మా అందరి దగ్గరా మాట తీసుకున్నాడు. కట్టులో నేకపోయినా, ఆ పేట పడవ ఆపదలో ఉంటే ఒగ్గీకండన్నాడు."

గురువులు ఆ తాడుని చుట్ట చుట్టి గవర్రాజు చేతికిచ్చాడు.

ఆ సాయంత్రం పేటంతా కూడింది. ఇక మీదట సముద్రంలో వల వదిలేస్తే తప్పు, అని గురువులు అందరిచేతా ఒట్టు వేయించాడు. తెల్లవారగానే పేటలోని చిరుగు వలలన్నీ లగేజీ ఆటోకెత్తించి, పోతమ్మని తీసుకుని ముక్కాం వెళ్లాడు.

తాటాకు పాక కింద ఆడవాళ్లు తాళ్లు పేనుతున్నారు.

"తవిటయ్య ఉన్నాడా అమ్మా? మాట ఇద్దామని వచ్చాను."

ఒక ముసలామె పురి ఆపింది. తవిటయ్య భార్య సన్యాసమ్మ.

"పోయి పదకొండు రోజులైంది బాబూ. వలల కోసం మునిగి మునిగి రొమ్ము పట్టీసింది."

గురువులు తన రెండు చేతులూ చూసుకున్నాడు.

"ఈ సేతుల్తోనే తోసేనమ్మా ఆయన్ని."

"తెలుసు."

"అన్ని మాటలు పడి, అన్నిసార్లు మా గుమ్మానికెందుకొచ్చేడమ్మా?" అంది పోతమ్మ.

"మాకొక్కడే కొడుకు. పెళ్లయి ఏడాది తిరగనేదు. సంద్రంలో మునిగితే, అడుగున ఎవులో కోసి వదిలీసిన వలలో కాలు సిక్కుకుని పోనాడు. పైకి తీసినప్పుడు సేపలూ మావోడూ ఒక్కలాగే ఉన్నారు."

పోతమ్మ కళ్లొత్తుకుంది. "ఎవరిదమ్మా ఆ వల?"

"తెలుసు. ఆయన బతికున్నన్నాళ్లూ సెప్పనియ్యనేదు. సిగ్గుతో ఇచ్చిన మాట నిలవదు, మనసుతో ఇయ్యాల అనీవోడు. నువ్వు మనసుతోనే ఇచ్చేవు."

ఆమె లేచి ఆటో దగ్గరికి నడిచి, దించుతున్న వల ఒక కొస తానూ పట్టుకుంటూ నెమ్మదిగా అంది:

"మావోడి కాలికి సుట్టుకున్న ఆ వలకి, తేలే బెండ్ల మీద నీ పడవ నంబరే ఉంది బాబూ."